కృష్ణాతీరమున గురివిద్య

శివరాత్రి తిరునాళ్ళకు పోయినవారికి రంగులరాట్నము ప్రక్కనే ఒక చిన్న దుకాణము కన్పట్టును. నిలువుబల్లకు వరుసలుగా రంగుబుడగలు కట్టి, ఎదుట ఒక గాలితుపాకి నుంచి, దుకాణదారుడు రూకలు పుచ్చుకొని గురి చూడనిచ్చును. పాలేరును, కళాశాల విద్యార్థియు, తండ్రి చేయి పట్టుకొని వచ్చిన పసివాడును అచ్చట తుపాకిని భుజమున కానించి ఒంటికంట చూచినవారే. బుడగ పగిలినచో కేరింతలు. తప్పినచో గొట్టము వంకర యను నింద. డెల్టా గ్రామములలో పెక్కుమందికి తుపాకితోడి పరిచయ మంతటితో సరి. ఇందుకు కారణము గురియం దాసక్తి లేకపోవుట కాదు. తుపాకి యెవరి చేతనుండవలెనో, ఎవరి చేత నుండరాదో నిర్ణయించుచు వచ్చిన చరిత్రయే ఇందుకు కారణము.

తుపాకి రాకమునుపే కృష్ణాతీరమునకు గురివిద్యతో సంబంధము కలదు. అర్జునుడు తపస్సు చేసి, కిరాతరూపుడైన శివునితో పోరాడి, పాశుపతము పడసిన చోటు ఇంద్రకీలాద్రియే యని బెజవాడవారి ఐతిహ్యము. విజయుడనునది అర్జునుని పేరు. విజయవాడ యను నామము నాతనితో ముడివెట్టి చెప్పుకొనుట పరిపాటి. ఆ కొండమీది ఒక శిలాస్తంభముపై కిరాతార్జునుల కథ చెక్కబడియున్నది. ఐతిహ్యమును చరిత్రగా గైకొననక్కరలేదు. అయినను, ఒక పట్టణము తన ముఖ్యమైన కొండకు విలుకాని కథను తగిలించుకొని శతాబ్దులు గడిపినదను మాట మాత్రము చరిత్రయే.

తుపాకి యను మాట తురుష్కభాషనుండి వచ్చినది. ఆ వస్తువును పెద్దయెత్తున డెల్టాకు పరిచయము చేసినది సముద్రపు వర్తకము. ఆంగ్లేయుల గ్లోబు నౌక 1611 లో మచిలీపట్టణము చేరినది. డచ్చివారును, పిమ్మట ఫ్రెంచివారును అచ్చటనే కొట్లు కట్టిరి. కలంకారి వస్త్రములు కొనుటకు వచ్చినవారు కోటలు కట్టుకొని, ఫిరంగులు నిలిపి, తుదకు తమలో తాము పోరాడిరి. 1759 ఏప్రిలు నెలలో కర్నలు ఫోర్డు రాత్రివేళ ముట్టడించి మచిలీపట్టణపు కోటను ఫ్రెంచివారినుండి గైకొనెను. ఉత్తర సర్కారుల భవిష్యత్తును నిర్ణయించిన పోరాటములలో అది ముఖ్యమైనది.

ఆనాటి సిపాయి చేతనున్నది చెకుముకి తుపాకి. దాని గొట్టము లోపల నున్నగా నుండును. గుండు గొట్టమునకంటె కొంచెము చిన్నది. కావున అటునిటు తగులుచు వెలువడి, నూరు గజములు దాటిన పిమ్మట ఎటు పోవునో కాల్చినవానికే తెలియదు. అందుచేత సేనానులు ఒక్కొక్కని గురిని నమ్మక, వరుసగా నిలిపి అందరిచేత నొక్కమారు కాల్పించెడివారు. గురి విద్యగా మారుటకు గొట్టములోపల మెలిగాడులు త్రవ్వవలసివచ్చినది. ఆ గాడులవెంట దొర్లిన గుండు బొంగరమువలె తిరుగుచు పోవును. తిరుగునది చలింపక తిన్నగా పోవును. అట్టి గాడులు గలదే రైఫిలు. 19 వ శతాబ్ది నడుమ ఎన్‌ఫీల్డు రైఫిలు సైన్యములకు వచ్చినది. దాని తూటాకు పూసిన కొవ్వునుగూర్చిన అనుమానమే 1857 సిపాయీల తిరుగుబాటునకు తక్షణ కారణములలో నొకటి.

ఈ రైఫిలే ఇంగ్లండులో ఒక వినోదమునకు మూలమైనది. 1860 జూలైలో వింబుల్డనునందు రాణి విక్టోరియా, బిగించియుంచిన రైఫిలు మీటకు కట్టిన త్రాడు లాగి, తొలి గుండు పేల్చి అచ్చటి జాతీయ పోటీల నారంభించెను. గుమాస్తాలును, వర్తకులును సెలవు దినములందు లక్ష్యఫలకములపై కాల్చుట నేర్చిరి. బోయరు యుద్ధమునందు (1899–1902) దక్షిణాఫ్రికా రైతులు మౌజరు రైఫిళ్ళతో దూరమునుండి గురి తప్పక కొట్టి ఆంగ్లసైన్యమును గడగడలాడించిన పిమ్మట, ఇంగ్లండులో చిన్నబోరు రైఫిలు సంఘములు మరింతగా వెలసినవి. ఆ యుద్ధమునందు ఆంగ్లసైన్యమున పనిచేసినవారిలో మచిలీపట్టణ ప్రాంతమందలి భట్లపెనుమర్రున జన్మించిన పింగళి వెంకయ్య యొకరు. తరువాత జాతీయపతాకమునకు రూపకల్పన చేసి ఆయన ప్రసిద్ధుడైనాడు.

ఇంగ్లండున రైఫిలు పౌరుని వినోదమగుచున్న కాలముననే, హిందూదేశమున పౌరుని చేతినుండి తుపాకి తీసివేయబడినది. లిట్టను ప్రభువు కాలమున 1878 లో ఆయుధచట్టము వచ్చినది. తెల్లవారికిని, కొందరు ఉన్నతస్థానీయులకును మినహాయింపు కలిగినది. తక్కిన ప్రజలు లైసెన్సు లేక ఆయుధము నుంచుకొనరాదు. దీనిని సడలింపవలెనని 1887 మద్రాసు కాంగ్రెసు సభయందే వాదము జరిగినది. జాతిభేదముతో గూడిన మినహాయింపులు 1920 నాటి నిబంధనలతో గాని తొలగలేదు. 1931 కరాచీ కాంగ్రెసు తన ప్రాథమిక హక్కుల తీర్మానమున నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కునుగూడ చేర్చినది. అహింసను వ్రతముగా గొన్న సంస్థయే ఈ కోరిక కోరుటలో వైరుధ్యము లేదు. చేతనయ్యును కొట్టకుండుట అహింస. ఆయుధము ముట్టరాదను శాసనమునకు లోబడుట వేరు.

డెల్టాయందు ఈ చట్టము ఫలితము స్పష్టముగా గానవచ్చినది. 1855 నాటికి బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియై, కాలువలు పారి, వరి విస్తరించి, రైతు నిలద్రొక్కుకొన్నాడు. చదువు పెరిగినది, పత్రికలు పెరిగినవి, నాటకసమాజములు పెరిగినవి. తుపాకి మాత్రము జమీందారుల దివాణములలోను, దొరల బంగళాలలోను నిలిచిపోయినది. కొల్లేటి నీటిపక్షుల వేట వారి వేడుక. పొలము కాచుకొను రైతు ఒడిసెలతో పిట్టలను తోలుకొనవలసినదే. ఒడిసెల త్రిప్పి రాతిని విసరి దూరపు కొమ్మను కొట్టిన ఆ చేయి, రైఫిలు పట్టినచో నెట్టి గురికాని చేయి అయియుండెడిదో పరీక్షించు అవకాశ మెవరును ఈయలేదు.

డెల్టాకు ఉత్తరముననున్న మన్యమునందు ఈ నిషేధము మరియొక రీతిగా బయల్పడినది. అల్లూరి సీతారామరాజును, ఆయన అనుచరులును 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై బడి 26 తుపాకులను, 2,500 కు పైగా తూటాలను తీసికొనిపోయిరి. విల్లమ్ములు ధరించినవారు ప్రభుత్వముతో పోరాడవలెనన్న, తుపాకి దొరకు చోటు ప్రభుత్వపు ఠాణాయే. ఆనాటి ప్రజల నిరాయుధస్థితికి ఇంతకంటె వేరు సాక్ష్య మక్కరలేదు.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట 1959 లో క్రొత్త ఆయుధచట్టము చేయబడి, 1962 అక్టోబరునుండి అమలులోనికి వచ్చినది. జాతిభేదము పోయినది, లైసెన్సు మాత్రము నిలిచినది. ఇది సమంజసమే. ఊరి తగవులకు తుపాకి తోడైనచో కలుగు కీడు చెప్పనక్కరలేదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టముతో వేట వినోదము కూడ అంతరించినది. 1999 లో కొల్లేరు పక్షుల కాశ్రయముగా ప్రకటింపబడినది. బాతునకు గురిపెట్టిన తుపాకికి ఇక కాగితపు చక్రమే గమ్యము. వినోదమునకు ప్రాణి నశింపనక్కరలేకపోవుట ఈ విద్య పొందిన గొప్ప సంస్కారము.

పాత రైఫిళ్ళను సేకరించు వేడుకగూడ పాశ్చాత్యదేశములందు విస్తారముగా గలదు. ఒక తుపాకి గొట్టముపై నున్న ముద్ర, సంవత్సరము, కార్ఖానా పేరు చదివినచో అది ఏ యుద్ధమును చూచినదో తెలియును. బెంగాలులోని ఈశాపూరు కార్ఖానా 0.303 అంగుళముల బోరు రైఫిళ్ళను లక్షలుగా చేసినది. పోలీసు భటుని భుజమున దశాబ్దుల తరబడి కన్పట్టినది ఆ జాతి తుపాకియే. సైన్యపు బోరు పౌరులకు నిషిద్ధము గనుక, వారికొరకు 0.315 బోరు రైఫిలు వేరుగా చేయబడినది. అయితే ఈ దేశమున సేకరణకు చట్టము విధించిన ఎల్ల చిన్నది. మునుపు ఒక్కొక్కరు మూడు తుపాకుల నుంచుకొనవచ్చును. 2019 సవరణతో అవి రెండైనవి. తాతలనాటి తుపాకులును ఆ లెక్కలోనివే. కావున ఇచ్చట సేకరణ వ్యక్తి యింటగాక ప్రదర్శనశాలయందు జరుగుట సహజము. హైదరాబాదు సాలార్‌జంగు ప్రదర్శనశాలలో ఆయుధములకు ప్రత్యేకమైన విభాగము కలదు. విజయవాడలో 1887 నాటి విక్టోరియా జూబిలీ భవనము, నేటి బాపూ ప్రదర్శనశాల, శిల్పములతోపాటు పాత ఆయుధములనుగూడ భద్రపరచినది. రాణి పేర కట్టిన భవనము గాంధీమహాత్ముని పేర నిలిచి, ఆయుధములను చరిత్రవస్తువులుగా చూపుచుండుట గమనింపదగిన విషయము.

క్రీడగా తుపాకిని సామాన్యుని చెంతకు తెచ్చిన మార్గములు రెండు. మొదటిది 1948 లో ఏర్పడిన నేషనల్ క్యాడెట్ కోరు. పల్లెనుండి వచ్చి కాలేజీలో చేరిన పెక్కుమంది విద్యార్థులు అందు 0.22 రైఫిలుతో బోర్లపడుకొని తొలిసారి నిజమైన లక్ష్యమును కొట్టిరి. రెండవది 1951 లో లోకసభ తొలి స్పీకరుగా పేరొందిన మవలంకరు ఆధ్వర్యమున వెలసిన జాతీయ రైఫిలు సంఘము. ఫలము చేతికందుటకు మాత్రము అర్ధశతాబ్ది పట్టినది. 2004 ఏథెన్సు ఒలింపిక్కు క్రీడలలో రాజ్యవర్ధన్ సింగు రాథోడు రజతమును, 2008 బీజింగులో అభినవ్ బింద్రా స్వర్ణమును గెలిచిరి. 2012 లండనులో హైదరాబాదువాడైన గగన్ నారంగు 10 మీటర్ల గాలి రైఫిలు పోటీయందు 701.1 అంకములతో కాంస్యము గైకొనెను. 2023 లో హాంగ్‌జౌ ఏషియా క్రీడలలో హైదరాబాదు బాలిక ఈషా సింగు పిస్తోలుతో ఒక స్వర్ణమును, మూడు రజతములను సాధించినది.

ఆ 10 మీటర్ల గాలి రైఫిలు లక్ష్యమున పది అంకముల చుక్క వ్యాసము అర మిల్లీమీటరు. అనగా ఒక ఆవగింజలో సగమైన లేదు. అట్టి చుక్కను మాటిమాటికి అరువదిమారులు కొట్టవలెను. ఊపిరి కదలినను, గుండె కొట్టుకొన్నను గొట్టపు కొన చలించును. రెండు గుండెచప్పుళ్ళ నడిమి నిశ్చలక్షణమున మీట నొక్కుటకు గురికాండ్రు సాధన చేయుదురు. కండబలమున కిందు పని తక్కువ, చిత్తస్థైర్యమునకే పెద్దపీట.

ఇట్టి స్థైర్యము విజయవాడయందు తుపాకి మార్గమునగాక, తిరిగి విల్లు మార్గముననే ప్రకాశించినది. క్రీడకు వాడు విల్లునకు లైసెన్సు అక్కరలేదు. నగరమునందలి వోల్గా ఆర్చరీ అకాడమీలో ఎందరో బాలబాలికలు విల్లు పట్టిరి. అచ్చటి క్రీడాకారుడును, శిక్షకుడును అయిన చెరుకూరి లెనిన్ 2010 లో రహదారి ప్రమాదమున అకాలమరణము పొందెను. ఆ దుఃఖముతో విద్య ఆగిపోలేదు. 1996 లో విజయవాడయందు జన్మించి, పసితనముననే కృష్ణానదిని ఈదిన వెన్నం జ్యోతి సురేఖ, కప్పీలు గల కాంపౌండు విల్లుతో 2023 హాంగ్‌జౌ క్రీడలలో మూడు స్వర్ణములు గెలిచినది. వ్యక్తిగత పోటీ తుదియాటలో ఆమె అంకములు 149. పదునైదు బాణములకు నూటయేబది పూర్తిఫలము; ఆమె పోగొట్టుకొన్నది ఒక్క అంకము. లక్ష్యము 50 మీటర్ల దూరమున నుండగా, పది అంకముల వలయము 8 సెంటీమీటర్లు మాత్రమే. ఆ నగరమువాడే యైన బొమ్మదేవర ధీరజు ఆ క్రీడలలోనే జట్టు రజతమున భాగస్థుడై, 2024 పారిసు ఒలింపిక్కు క్రీడలలో అంకితా భకతుతో కలిసి మిశ్రమ జట్టు పోటీయందు నాలుగవ స్థానము పొందెను. పతక మొక్క మెట్టు దూరమున నిలిచినది.

ఈ వృత్తాంతమును క్రమముగా చూచినచో ఒక్క విషయము తేటపడును. తుపాకి కోటలోనున్నంతకాలము అది భయమునకు గుర్తు. దివాణములోనున్నంతకాలము హోదాకు గుర్తు. పదిమంది బిడ్డలకు అందినప్పుడు మాత్రమే గురి విద్య యైనది. పుస్తకముల చరిత్రయు నట్టిదే. పుస్తకము బీరువాలో బంధింపబడియున్న కాలమున అది కొందరి సొత్తు. 1914 లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసి, పల్లెపల్లెకు పఠనమందిరములు వ్యాపించిన పిమ్మట అది ఊరి సొత్తైనది.

గాలి రైఫిలుకు కావలసిన దూరము పది మీటర్లు. ఒక మోస్తరు పఠనమందిరపు పొడవు. వెనుక గట్టిగోడయు, ఎదుట అనుభవజ్ఞుడైన శిక్షకుడును, నియమములకు లోబడు క్రమశిక్షణయు ఉన్నచో పాఠశాల వసారాయైనను చాలును. కొరత స్థలమున కాదు. పోటీకి తగిన రైఫిలు ఖరీదు పల్లె కుటుంబమున కందదు. శిక్షకులు నగరములందే కలరు. బెజవాడలో ఒక కుటుంబము పట్టుదలతో విల్లును బిడ్డల చేతికిచ్చి చూపిన ఫలమును, పల్లెలు తమ బడులద్వారా చూపలేకపోవుటకు కారణము కన్పట్టదు. తిరునాళ్ళ దుకాణమున బుడగ పగులగొట్టి కేరింతలు కొట్టు బాలునకు మెచ్చుకోలు చాలదు. తరువాత పోవలసిన చోటు గూడ చూపవలెను.