గురి తప్పినా పరుగు ఆపని బ్యోర్న్‌డాలెన్

మా వైపు మంచు అంటే పొగమంచే. మార్గశిరం, పుష్యం నెలల్లో హోసూరు చుట్టుపక్కల తెల్లవారుజామున ఎదురుగా వచ్చే మనిషి కూడా సరిగా కనపడడు, అంతే. గట్టిపడిన మంచు నేల మీద జారుకుంటూ, వీపున తుపాకీ వేసుకుని పరుగెత్తే ఆట ఒకటి ఉందని పోయిన ఏడు వరకు నాకు తెలీదు. ఈ సారి పత్రికకు చరిత్ర వ్యాసం రాయమన్నప్పుడు మా తరగతిలో చాలామంది శ్రీకృష్ణదేవరాయలు, అల్లూరి సీతారామరాజు అన్నారు. నేను నార్వే దేశపు ఓలే ఐనార్ బ్యోర్న్‌డాలెన్ అన్నాను. తెలుగు సారు ఆ పేరును నాతో మూడుసార్లు చెప్పించుకున్నారు.

ఆయనే ఎందుకంటే, దానికి కారణం ఎన్‌సీసీ క్యాంపు. పోయిన ఏడు ఫైరింగ్ రోజున నేను ఆలస్యంగా లేచాను. టెంటు దగ్గర నుంచి రేంజి దాకా పరుగెత్తి, రొప్పుతూనే బోర్లా పడుకుని పాయింట్ టూ టూ రైఫిల్ పట్టుకున్నాను. ఇచ్చినవి ఐదు గుండ్లు. కాగితం మీద పడినవి రెండు రంధ్రాలు. మిగిలిన మూడు ఎక్కడికి పోయాయో దేవుడికే తెలియాలి. "గుండె అట్ల కొట్టుకుంటా ఉంటే గురి ఎట్ల కుదురుతుందప్పా? ఊపిరి సగం వదిలి, ఆపి, అప్పుడు మెల్లగా నొక్కాల" అన్నారు హవల్దార్ సారు. కాశ్మీరులో పనిచేసి వచ్చిన ఆయనే, మంచులో పరుగెత్తి వచ్చి వెంటనే కాల్చే ఆట ఒకటుందని, దాన్ని బయాథ్లాన్ అంటారని చెప్పారు. ఇంటికొచ్చి దాని గురించి వెతికితే మొదట కనపడిన పేరు బ్యోర్న్‌డాలెన్.

ముందు ఆట గురించి చెప్పాలి. ఉత్తర దేశాల్లో చలికాలమంతా మంచే కాబట్టి వేటగాళ్లు, సైనికులు కాళ్లకు స్కీలు అనే పొడవాటి సన్నని పలకలు కట్టుకుని తిరిగేవాళ్లు. 1767లోనే నార్వే, స్వీడన్ సరిహద్దు కాపలా దళాలు ఇలాంటి పోటీ పెట్టుకున్నాయి. 1924లో ఫ్రాన్సులోని షామొనీలో జరిగిన మొదటి శీతాకాల ఒలింపిక్స్‌లో సైనికుల గస్తీ పోటీ పేరుతో ఇది జరిగింది. మొదటి ప్రపంచ పోటీ 1958లో ఆస్ట్రియాలో జరిగింది. 1960 ఒలింపిక్స్‌లో 20 కిలోమీటర్ల పోటీ గెలిచిన స్వీడన్ దేశస్థుడు క్లాస్ లెస్టాండర్ పరుగులో చాలామంది కన్నా వెనకే ఉన్నాడు, కానీ ఇరవైకి ఇరవై కొట్టాడు. ఆడవాళ్లకు మాత్రం ఒలింపిక్స్‌లో అవకాశం 1992 దాకా రాలేదు. ఇంత ఆలస్యం ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు వాడే రైఫిల్ కూడా మేము క్యాంపులో కాల్చిన పాయింట్ టూ టూ రకమే. అది తెలిసినప్పుడు నాకు భలే సంతోషం వేసింది. కనీసం మూడున్నర కిలోల బరువుండాలి, పోటీ అంతా వీపు మీదే మోయాలి. గురి పలక 50 మీటర్ల దూరంలో ఉంటుంది. పడుకుని కాల్చేటప్పుడు కొట్టాల్సిన వలయం వెడల్పు 45 మిల్లీమీటర్లు, నిలబడి కాల్చేటప్పుడు 115. స్కేలు తీసి కొలిచి చూసుకోండి. 45 మిల్లీమీటర్లంటే చిన్న నిమ్మకాయంత. ఒక్కో సారికి ఐదు గుండ్లు. స్ప్రింట్ లాంటి పోటీల్లో తప్పిన ప్రతి గుండుకూ 150 మీటర్ల చిన్న గుండ్రటి బాట ఒకసారి చుట్టి రావాలి. దాన్ని పెనాల్టీ లూప్ అంటారు. నేను నా నోటుబుక్కులో జరిమానా చుట్టు అని రాసుకున్నాను. 20 కిలోమీటర్ల పోటీలో చుట్టు ఉండదు, తప్పుకు ఒక నిమిషం కలుపుతారు. నాకైతే చుట్టే న్యాయంగా అనిపిస్తుంది. చేసిన తప్పుకు అక్కడికక్కడే మూల్యం కట్టేసి మళ్లీ పరుగులో కలవవచ్చు.

బ్యోర్న్‌డాలెన్ 1974 జనవరి 27న పుట్టాడు. పెరిగింది సిమోస్ట్రాండా అనే పల్లెలో. అన్న డాగ్ కూడా ఇదే ఆట ఆడేవాడు. 1994లో సొంత దేశంలోనే, లిల్లేహామర్‌లో ఒలింపిక్స్ జరిగినప్పుడు ఇతనికి ఇరవై ఏళ్లు. ఒక్క పతకమూ రాలేదు.

తరువాత 1998లో జపాన్‌లోని నగానో ఒలింపిక్స్. స్ప్రింట్ పోటీ జరుగుతుండగా మంచు వాన, పొగమంచు కమ్మేసి గురి పలకలు కనపడలేదు. నిర్వాహకులు పోటీ ఆపేశారు. అప్పుడు ముందున్నది బ్యోర్న్‌డాలెనే. మన క్రికెట్‌లో వాన వస్తే లెక్కలు కట్టి ఎవరో ఒకరికి ఇస్తారు కదా, అక్కడ అలా కాదు, మరునాడు మొదటి నుంచీ మళ్లీ పెట్టారు. నేనైతే ఆ రాత్రి నిద్రపోయేవాణ్ణి కాదు. అతను మరునాడు వచ్చి రెండో స్థానం వాడికన్నా ఒక నిమిషం పైగా ముందు గమ్యం చేరాడు. స్ప్రింట్‌లో నిమిషమంటే చాలా పెద్ద తేడా. అదే ఒలింపిక్స్‌లో అన్నతో కలిసి రిలేలో వెండి పతకం కూడా గెలిచాడు.

2002లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో మగవాళ్లకు ఉన్న నాలుగు బయాథ్లాన్ పోటీలకు నాలుగూ గెలిచాడు. అంతకు ముందు ఎవరూ అలా చేయలేదు. అందరూ దీన్నే అతని గొప్పతనంగా చెప్తారు. నాకు అందులో నచ్చింది ఒక చిన్న సంగతి. 20 కిలోమీటర్ల పోటీలో అతను రెండు గుండ్లు తప్పాడు, అంటే రెండు నిమిషాలు కలిశాయి. రెండో స్థానంలో వచ్చిన జర్మనీ ఆటగాడు ఫ్రాంక్ లుక్ ఒక్కటీ తప్పలేదు. అయినా అరనిమిషానికి పైగా తేడాతో గెలిచింది తప్పిన మనిషే. అంటే ఆ రెండు నిమిషాలను కాళ్లతో తిరిగి సంపాదించాడన్న మాట.

అతని అలవాట్లు కొన్ని చదివితే నవ్వు వస్తుంది. జబ్బు రాకూడదని చేతులు మాటిమాటికీ కడుక్కునేవాడు. పోటీలకు వెళ్లేటప్పుడు సొంత వాక్యూమ్ క్లీనర్ తీసుకెళ్లి హోటల్ గదిలో దుమ్ము తీసుకునేవాడు. మా అవ్వ కూడా ఊరికి పోతే సొంత చెంబు, సొంత దుప్పటి మోసుకుని పోతుంది. ఈ సంగతి చెప్తే "వాడెవడో తెలిసినోడు" అనింది.

2006లో ఇటలీలోని టొరినో ఒలింపిక్స్ నాటికి అందరూ అతనికి బంగారాలు లెక్కేసి పెట్టారు. ఒక్కటీ రాలేదు. రెండు వెండి, ఒక కంచు. పర్స్యూట్ పోటీలో ఫ్రాన్స్ దేశపు వాన్సాన్ దెఫ్రాన్ మూడు సెకన్ల లోపు తేడాతో దాటిపోయాడు. మూడు పతకాలు వచ్చినా ఓడిపోయాడని అన్నారంటే, ఎంత ఎత్తుకు ఎక్కించి పెట్టారో చూడండి. తరువాత కూడా ప్రపంచ కప్ గెలుస్తూనే ఉన్నాడు. మొత్తం ఆరు సీజన్లలో ప్రపంచ కప్ అతనిదే. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో 20 కిలోమీటర్లలో వెండి, రిలేలో బంగారం. కానీ ఒంటరిగా ఒలింపిక్ బంగారం గెలిచి ఏళ్లు గడిచిపోతున్నాయి. ఎమిల్ హెగ్లే స్వెండ్‌సెన్ లాంటి కుర్రవాళ్లు ముందుకు వచ్చేశారు.

ఇక 2014, రష్యాలోని సోచి. ఫిబ్రవరి 8న స్ప్రింట్. అతనికి నలభై ఏళ్లు నిండి పన్నెండు రోజులు. మూడు చుట్ల పోటీ, మొదటి చుట్టు తరువాత పడుకుని కాల్చాలి, రెండో చుట్టు తరువాత నిలబడి. పడుకుని ఐదూ కొట్టాడు. నిలబడి కాల్చేటప్పుడు ఒకటి తప్పింది. అక్కడ చాలామంది ఇక అయిపోయిందనుకొని ఉంటారు, ఎందుకంటే ఆస్ట్రియా ఆటగాడు డొమినిక్ లాండర్టింగర్ ఒక్క గుండూ తప్పలేదు. బ్యోర్న్‌డాలెన్ జరిమానా చుట్టులోకి పోయి, 150 మీటర్లు తిరిగి, బయటికి వచ్చి చివరి చుట్టు పరుగెత్తాడు. గెలిచింది 1.3 సెకన్ల తేడాతో. మీరు "ఒకటి, రెండు" అనేలోగా అయిపోయే తేడా. ఒంటరి పోటీలో శీతాకాల ఒలింపిక్ బంగారం గెలిచిన వాళ్లందరిలో అప్పటికి పెద్ద వయసు అతనిదే. పదకొండు రోజుల తరువాత మిక్స్‌డ్ రిలేలో ఇంకో బంగారం. దాంతో అప్పటికి మొత్తం 13 ఒలింపిక్ పతకాలు, అందులో 8 బంగారం. తన దేశస్థుడే అయిన స్కీయింగ్ వీరుడు బ్యోర్న్ డేలీ 12 పతకాల రికార్డు దాటిపోయింది. 2018లో మళ్లీ నార్వే మనిషే, మారిట్ బ్యోర్గెన్ అనే ఆమె, దాన్నీ దాటింది.

ఇక్కడే మా పీటీ సారుకూ నాకూ వాదన వచ్చింది. "సోచిలోనే ఆపేసి ఉండాల్సింది. గొప్పవాళ్లు పైన ఉన్నప్పుడే దిగిపోవాల" అంటారు సారు. అతను ఆపలేదు. 2016లో ఆపుతాననుకుని, అప్పుడూ ఆపలేదు. 2018 ఒలింపిక్స్ దాకా ఆడాలనుకున్నాడు. ఆ సీజన్‌లో ఫలితాలు చాలలేదు, నార్వే జట్టులో చోటు ఇవ్వలేదు. 1994 నుంచి ఆరు ఒలింపిక్స్ ఆడిన మనిషికి ఏడోది దక్కలేదు. సారు చెప్పేది దీని గురించే.

కానీ సోచి తరువాత ఏం జరిగిందో కూడా లెక్క వేయాలి కదా. 2016లో ఓస్లో ప్రపంచ పోటీల్లో, నలభై రెండేళ్ల వయసులో, రిలే బంగారం, రెండు వెండి, ఒక కంచు. 2017లో ఆస్ట్రియాలో నలభై మూడేళ్లకు పర్స్యూట్‌లో కంచు. సారు మాట ప్రకారం 2014లో ఆపేసి ఉంటే ఇవి ఎవరి ఖాతాలో పడేవి? ప్రపంచ పోటీల్లో అతనికి మొత్తం 45 పతకాలున్నాయి, అందులో చివరివి ఇవే. ఇంకో సంగతి, జట్టులో చోటు ఇవ్వకపోవడం తప్పని నేను అనను. కుర్రవాళ్లు బాగా ఆడుతుంటే వాళ్లకే ఇవ్వాలి. ఆడాలని కోరుకోవడం అతని పని, ఎంచుకోవడం వాళ్ల పని. రెండూ తప్పు కాదు.

ఇది నాకెందుకు ఇంత పట్టిందంటే, ఈ ఏడు క్యాంపులో ఫైరింగ్‌కు మళ్లీ పేరు ఇచ్చాను. ఈసారి ఆలస్యంగా పోలేదు. ఐదుకు నాలుగు పడ్డాయి, గ్రూపింగ్ కూడా దగ్గరగానే వచ్చింది. అయినా జట్టుకు ఎంచలేదు, నాకన్నా బాగా కొట్టినవాళ్లు ఉన్నారు. "రెండుసార్లు పోయినావు, చాలు. వచ్చే ఏడు పదో తరగతి" అంటోంది అమ్మ. ఆమె మాటలో న్యాయముంది. తొమ్మిదితో ఎన్‌సీసీ ఎట్లా అయిపోతుంది. కానీ ఇంటర్‌లో మళ్లీ చేరవచ్చా అని హవల్దార్ సారును అడిగి పెట్టుకున్నాను. అమ్మకు ఇంకా చెప్పలేదు, ఈ పత్రిక చదివితే తెలుస్తుంది.

2018 ఫిబ్రవరిలో కొరియాలోని ప్యోంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌కు బ్యోర్న్‌డాలెన్ వెళ్లాడు, కానీ నార్వే ఆటగాడిగా కాదు, బెలారుస్ జట్టుతో. అతని భార్య దార్యా డోమ్రచెవా ఆ దేశపు బయాథ్లాన్ క్రీడాకారిణి, ఆమెకు తోడుగా పనిచేయడానికి వెళ్లాడు. ఆమె అక్కడ రిలేలో బంగారం, మాస్ స్టార్ట్‌లో వెండి గెలిచింది. ఏప్రిల్‌లో తన పల్లె సిమోస్ట్రాండాలో విలేకరులను పిలిచి, గుండె లయ తప్పుతోందని, ఇక ఆడడం లేదని చెప్పాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. మరుసటి ఏడు భార్యాభర్తలిద్దరూ చైనా జట్టుకు నేర్పడానికి వెళ్లారు.

ఇదంతా చదివి వినిపించాక కూడా పీటీ సారు "గుండె సంగతి చూసినావా, అందుకే ముందే ఆపాల్సింది అన్నాను" అన్నారు. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు. వెతుకుతున్నాను.

తొమ్మిదో తరగతి విద్యార్థి