గ్రహణం ఎలా చూడాలి? ఏది నిజం.. ఏది నమ్మకం? పోచంపల్లి నేతన్నలు తప్పక తెలుసుకోవాల్సిన విషయాలివే

వెబ్ డెస్క్: గ్రహణం వస్తోందంటే చాలు.. పల్లెటూళ్లలో తలుపులు మూతపడతాయి, పళ్లెంలో రోకలి నిలబెడతారు. పిల్లలేమో దొరికిన నల్లటి అద్దం పట్టుకుని మిద్దె ఎక్కేస్తారు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. భూదాన్ పోచంపల్లి లాంటి ఊళ్లో ఇది ఇంకా ముఖ్యం. ఆసు పోసి, చిటికి కట్టి, మగ్గం మీద పోగు పోగు చూసుకునే నేతన్నకు చూపే జీవనాధారం.

గ్రహణం ఎందుకు వస్తుంది?

సూర్యుడికి, భూమికి మధ్యకు చంద్రుడు వస్తే సూర్యగ్రహణం. ఇది అమావాస్య రోజే వస్తుంది. చంద్రుడు భూమి నీడలోకి వెళ్తే చంద్రగ్రహణం. ఇది పౌర్ణమి రాత్రే. మరి నెలనెలా ఎందుకు రాదు? చంద్రుడి కక్ష్య సుమారు 5 డిగ్రీలు వంగి ఉండటంతో ఎక్కువసార్లు నీడ పక్కనుంచి తప్పిపోతుంది.

మన నేలపైనే చరిత్ర

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరు నుంచి ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్సెన్ పరిశీలించారు. ఆ ఏడాది సూర్యకాంతిలో కనిపించిన పసుపు గీతే తర్వాత హీలియం గుర్తింపుకు దారి తీసింది. అదే గ్రహణాన్ని మద్రాస్ అబ్జర్వేటరీకి చెందిన చింతామణి రఘునాథాచారి పాలమూరు ప్రాంతంలోని వనపర్తి నుంచి చూశారు.

1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం మరో సంపూర్ణ గ్రహణం. పోచంపల్లికి దక్షిణాన ఉన్న ఉస్మానియా యూనివర్సిటీ జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ ఆ నీడ దారిలోనే ఉంది. శాస్త్రవేత్తలు అక్కడ టెలిస్కోపులతో సిద్ధంగా ఉంటే, జనం మాత్రం చాలా చోట్ల తలుపులేసుకుని ఇళ్లల్లోనే ఉండిపోయారు.

కళ్లు జాగ్రత్త

సూర్యుడిని నేరుగా చూస్తే రెటీనా కాలిపోతుంది. నొప్పి అస్సలు తెలియదు. కొన్ని గంటల తర్వాత చూపు మధ్యలో మచ్చలా కనిపిస్తుంది. దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు.

* కూలింగ్ గ్లాసులు, ఎక్స్‌రే ఫిల్మ్, మసి పట్టిన గాజు, పేడ నీళ్లలో ప్రతిబింబం.. ఇవేవీ సేఫ్ కాదు.
* ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న గ్రహణం కళ్లద్దాలు లేదా 14వ నంబర్ వెల్డింగ్ గ్లాస్ వాడాలి. గీతలు పడ్డ కళ్లద్దాలు పక్కన పడేయండి.
* ఆ కళ్లద్దాలు పెట్టుకుని బైనాక్యులర్స్‌లోంచి చూడొద్దు. ఫిల్టర్ లేకుండా ఫోన్ కెమెరా కూడా సూర్యుడి వైపు పెట్టొద్దు.
* పైసా ఖర్చు లేని పద్ధతి ఇదీ: అట్టముక్కకు సూదితో చిన్న రంధ్రం చేయండి. సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, ఆ రంధ్రం గుండా వచ్చే వెలుగును తెల్ల కాగితం మీద పడనివ్వండి. మీటరు దూరంలో దాదాపు 9 మిల్లీమీటర్ల సూర్యబింబం కనిపిస్తుంది. వేపచెట్టు నీడలో ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చుక్కలు కూడా నెలవంకల్లా మారతాయి.

చంద్రగ్రహణానికి ఈ భయమే లేదు. మామూలు కళ్లతో ఎంతసేపైనా చూడొచ్చు.

గర్భిణులు బయటకు రావొద్దా?

'గ్రహణం మొర్రి' అన్న పేరుతోనే భయం మొదలైంది. కానీ బిడ్డ పెదవి గర్భం తొలి వారాల్లోనే రూపుదిద్దుకుంటుంది. మొర్రికి జన్యువులు, పొగ, కొన్ని రకాల మందుల లాంటివి కారణాలు. గ్రహణం నీడకు సంబంధం లేదు. మొర్రిని ఆపరేషన్‌తో సరిచేయొచ్చు కూడా. గుడికి, స్నానానికి సంబంధించిన ఆచారాలు ఎవరి ఇష్టం వారివి. కానీ గర్భిణిని గంటల తరబడి అన్నం, నీళ్లు లేకుండా ఉంచడం మాత్రం మంచిది కాదు. ఇక రోకలి అంటారా.. అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది!

ముందున్నవి ఇవే

2028 డిసెంబర్ 31 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం మన దగ్గర కనిపిస్తుంది. న్యూ ఇయర్ వేడుకల వేళ సుమారు 70 నిమిషాల పాటు చందమామ ఎర్రబడతాడు. 2031 మే 21న కేరళ, తమిళనాడులో వలయాకార సూర్యగ్రహణం.. తెలంగాణలో పాక్షికం. మిద్దె ఎక్కండి, చూడండి. కళ్లు మాత్రం జాగ్రత్త!