బూడిద దిబ్బ వయసు

మక్తల్ దగ్గర ఉట్నూరు అనే ఊరుంది. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పాత మహబూబ్‌నగర్ జిల్లాలోది. అక్కడి బూడిద దిబ్బను 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ తవ్వారు. ఇలాంటి దిబ్బలు బళ్లారి, రాయచూరు, అనంతపురం, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో చాలా ఉన్నాయి. జనం వాటికి తమకు తెలిసిన కథలే చెప్పుకున్నారు. హంపి దగ్గర నింబాపురం దిబ్బ వాలిని దహనం చేసిన చోటు అంటారు. మరికొన్ని చోట్ల రాక్షసుల్ని కాల్చిన బూడిద అంటారు. పండితులూ ఒక మాట మీద లేరు. అది పశువుల దొడ్లలో పోగుపడి కాలిన పేడ అని భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 19వ శతాబ్దంలోనే వాదించారు. కాదు, ఇనుము కరిగించిన చోటు అన్నవారూ ఉన్నారు.

ఉట్నూరులో ఆల్చిన్‌కు దొరికినవి నిధులు కావు. తాటి మొద్దులు పాతి కట్టిన దడి గుంతలు, వాటి లోపల పశువుల గిట్టల ముద్రలు, పొరలు పొరలుగా కాలిన పేడ. దొడ్డి కాలింది, మళ్లీ కట్టారు, మళ్లీ కాలింది. ఫుట్ మాట నిలిచింది. ఈ తవ్వకం నివేదికను 1961లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే హైదరాబాద్ నుంచి అచ్చు వేయించింది. అయితే ఆ దొడ్డి ఎప్పటిది? ఈ ప్రశ్నకు మట్టి పొర ఒక్కటే జవాబు చెప్పలేదు. ఏది ముందు, ఏది వెనుక అన్నంతవరకే పొర చెబుతుంది. ఎన్నేళ్ల కిందట అన్నది చెప్పదు.

1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్విన పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్, ఇలాంటి దొడ్లు కట్టిన దక్షిణాది రాతిగొడ్డళ్ల జనాన్ని క్రీ.పూ. మొదటి సహస్రాబ్దిలో ఉంచారు. ఆయన దగ్గరున్న ఆధారాలతో అంతకంటే వెనక్కి వెళ్లడానికి దారి లేదు. ఉట్నూరు బొగ్గు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలకు చేరి లెక్క తేలాక, ఆ కాలం ఒక్కసారిగా వెయ్యేళ్లకు పైగా వెనక్కి జరిగింది. క్రీ.పూ. 3వ సహస్రాబ్ది చివరి శతాబ్దాలకు చేరింది. తెలుగు నేల మీద ఆవుల్ని కాసినవాళ్లు హరప్పా నగరాలు కళకళలాడుతున్న కాలంలోనే ఇక్కడ ఉన్నారన్నమాట. నాకు ఈ వార్త ఏ రాజు శాసనం కన్నా పెద్దదిగా కనిపిస్తుంది. ఆ లెక్క వెనుక ఒక డబ్బు కథ ఉంది. అది ఉట్నూరుకు చాలా దూరంలో, చికాగోలో మొదలైంది.

1940 ఫిబ్రవరిలో బర్కిలీలో మార్టిన్ కామెన్, శామ్ రూబెన్ రేడియోధార్మికమైన కార్బన్-14ను కనుగొన్నారు. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల ఇది గాలిలో నిత్యం పుడుతుందని, చెట్లు దాన్ని పీలుస్తాయని, ప్రాణం పోయాక అది మెల్లగా తరిగిపోతుందని రసాయన శాస్త్రవేత్త విల్లర్డ్ లిబీ ఊహించారు. అలాగైతే పాత కట్టెలో మిగిలినదెంతో కొలిస్తే, కట్టె వయసు తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక చికాగో విశ్వవిద్యాలయానికి వచ్చిన లిబీ ఈ ఆలోచనను కొంతకాలం పైకి చెప్పలేదు. చెబితే పిచ్చి అనుకుని ఎవరూ డబ్బివ్వరని భయపడ్డానని తర్వాత ఆయనే చెప్పుకున్నారు. కాలనిర్ణయం అన్న మాట ఎత్తకుండానే తొలి అడుగు వేశారు.

ఆ అడుగు మురుగునీటి మీద పడింది. బాల్టిమోర్ మురుగు శుద్ధి కేంద్రంలో పుట్టే మీథేన్ నిన్న మొన్నటి ప్రాణుల నుంచి వచ్చేది. పెట్రోలియం నుంచి తీసిన మీథేన్‌లోని ప్రాణం ఏనాడో పోయింది. మొదటి దాంట్లో కార్బన్-14 ఉండాలి, రెండో దాంట్లో ఉండకూడదు. లిబీ ఊహించినట్లే ఉంది, 1947లో ప్రకటించారు. కానీ కొలవగలిగేలా ఆ వాయువును సాంద్రం చేయడానికి ఒక చమురు కంపెనీ దగ్గరున్న ఐసోటోపులను వేరుచేసే యంత్రం కావలసివచ్చింది. ప్రతి బొగ్గు ముక్కకూ ఆ పని చేయించే ఖర్చు ఏ పురావస్తు శాఖా భరించలేదు. సిద్ధాంతం నిలిచింది గానీ, ఆచరణకు ధర అడ్డు నిలిచింది.

ఇక్కడ న్యూయార్క్‌లోని వైకింగ్ ఫండ్ వస్తుంది. స్వీడన్ పారిశ్రామికవేత్త, ఎలక్ట్రోలక్స్‌తో ధనవంతుడైన యాక్సెల్ వెన్నర్-గ్రెన్ 1941లో దాన్ని స్థాపించారు. నడిపింది పాల్ ఫెజోస్. ఈయన హంగేరీలో పుట్టి, వైద్యం చదివి, హాలీవుడ్‌లో సినిమాలు తీసి, చివరకు మానవ శాస్త్రంలోకి వచ్చారు. శాస్త్రజ్ఞుల్ని భోజనానికి పిలిచి మాట్లాడించడం ఆ సంస్థ అలవాటు. 1948 జనవరిలో లిబీ అక్కడ పురావస్తు శాస్త్రవేత్తల ముందు తన పద్ధతిని వివరించారు. సంస్థ ఆయన పనికి డబ్బిచ్చింది. త్వరలోనే అమెరికా మానవ శాస్త్ర, భూగర్భ శాస్త్ర సంఘాలు ఒక కమిటీని వేశాయి. ఫ్రెడరిక్ జాన్సన్, డొనాల్డ్ కోలియర్, ఫ్రోలిక్ రైనీ, భూగర్భ శాస్త్రవేత్త రిచర్డ్ ఫ్లింట్ ఏ నమూనాను కొలవాలో ఎంచేవారు.

ఆ డబ్బు దేనికి వెళ్లిందో చూడండి. అంతవరకు పాశ్చాత్య మ్యూజియంలు తవ్వకాలకు డబ్బిచ్చింది చాలావరకు దొరికిన వస్తువుల్లో వాటా కోసం. ఇక్కడ వాటాకు వచ్చే విగ్రహం లేదు, నగ లేదు. ముందుగా వయసు తెలిసిన కట్టెనే తెచ్చి, ఆ వయసే వస్తుందో లేదో చూడటం ఈ పని. తెలిసిన సంగతినే మళ్లీ తెలుసుకోవడానికి చేసే ఖర్చు ఇది. ఈ రకం ఖర్చుకు ఒప్పుకునే దాత అరుదు, అందుకే ఆ ఒప్పుదలను గొప్పదంటాను.

ఈలోగా లిబీ బృందం ఖర్చు తగ్గించే దారి పట్టింది. నమూనాను సాంద్రం చేయడం మాని, కొలిచే యంత్రాన్నే నిశ్శబ్దం చేశారు. పైనుంచి వచ్చే కిరణాల వల్ల గైగర్ కౌంటర్ నిమిషానికి సుమారు 500 సార్లు టిక్కుమనేది. చుట్టూ 8 అంగుళాల ఇనుము పెడితే అది 100కు దిగింది. లోపల మరికొన్ని కౌంటర్లను వలయంగా కట్టి, వాటితో పాటు మోగిన టిక్కులను లెక్కలోంచి తీసేస్తే 5కు దిగింది. ఆ నిశ్శబ్దంలో పాత బొగ్గు గొంతు వినిపించింది.

1949 డిసెంబరులో జేమ్స్ ఆర్నాల్డ్‌తో కలిసి లిబీ ప్రకటించిన ఫలితాలు చదివితే వాళ్ల నిజాయితీ మీద గౌరవం కలుగుతుంది. ఈజిప్టు రాజు జోసెర్ సమాధిలోని తుమ్మ జాతి కట్టె 4,650 ఏళ్ల నాటిదని చరిత్రకారుల లెక్క. యంత్రం 3,979 అంది, అటూ ఇటూ 350 ఏళ్లతో. మరో రాజు స్నెఫెరు నాటి సైప్రస్ కట్టెకు 4,575 రావాలి; 4,802 వచ్చింది. ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ. ఒక్క నమూనాతో ఆగి ఉంటే పద్ధతి తప్పనో, చరిత్ర తప్పనో తీర్పిచ్చేసేవారు. ఎన్నో వరసగా కొలవడానికి వీలు చిక్కింది కాబట్టే, విడివిడిగా తేడాలున్నా మొత్తం మీద గీత సరిగా నడుస్తోందని తేలింది. 1960లో లిబీకి రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

మన దేశంలో ఈ యంత్రం బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్‌లో 1960ల తొలినాళ్లలో పని మొదలుపెట్టింది. 1944లో హోమీ భాభా దొరాబ్జీ టాటా ట్రస్టుకు రాసిన లేఖ నుంచి పుట్టిన సంస్థ అది. ఒక విశేషం చెప్పాలి. అంతకు మూడు దశాబ్దాల ముందే సర్ రతన్ టాటా ఏటా 20,000 రూపాయలిచ్చి పాటలీపుత్రంలో కుమ్రహార్ తవ్వకాలు జరిపించారు. అప్పుడు అక్కడ తవ్విన స్పూనర్‌కు స్తంభాల మండపం ఆనవాళ్లు దొరికాయి. రెండో టాటా డబ్బు భౌతిక శాస్త్ర పరిశోధనకు ఇచ్చినది; అందులోంచి పురావస్తు శాస్త్రానికి కాలం తెలిపే గడియారం పుట్టింది. టాటా ఇన్‌స్టిట్యూట్‌లో కొలిచిన నమూనాల ఆధారంగా డి.పి. అగ్రవాల్ 1964లో హరప్పా నాగరికతను క్రీ.పూ. 2300–1750 మధ్యకు కుదించారు. తర్వాత చెట్ల వలయాలతో సరిచూస్తే ఆ కాలం మళ్లీ వెనక్కి జరిగి క్రీ.పూ. 2600–1900 అయింది. ఉట్నూరు తేదీ కూడా అదే లెక్కన మరికొన్ని శతాబ్దాలు వెనక్కి పోతుంది.

ఇప్పుడు పని ఇంకా సూక్ష్మం. 1977 నుంచి వచ్చిన యాక్సిలరేటర్ పద్ధతి కార్బన్-14 పరమాణువుల్ని నేరుగా లెక్కిస్తుంది. లిబీకి గ్రాముల కొద్దీ కార్బన్ కావాలి, దీనికి మిల్లీగ్రాములు చాలు. ఢిల్లీలో ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ ఈ పని చేస్తోంది. తమిళనాడు పురావస్తు శాఖ కీళడి తవ్వకాల నమూనాలను అమెరికాలోని ఫ్లోరిడాకు పంపి, క్రీ.పూ. 6వ శతాబ్దపు తేదీ తెప్పించుకుంది. పలుగూ పారా, కూలీ, గుడారం కళ్లకు కనిపిస్తాయి కాబట్టి మంజూరు తేలిక. ప్రయోగశాల రుసుము అలా కనిపించదు. తవ్వకం అంచనాలోనే దీన్ని తొలి వరసలో రాయాలని నేను గట్టిగా నమ్ముతాను. తవ్వాక పొర మిగలదు, బొగ్గు సరిగా సేకరించకపోతే రెండో అవకాశం రాదు.

ఇటీవలి దశాబ్దాల్లో దక్షిణాది నవీన శిలాయుగపు ఊళ్లలో బూడిదనూ మట్టినీ నీటిలో కలిపి, పైకి తేలిన మాడిన గింజల్ని ఏరి తీశారు. ఉలవలు, పెసలు, అండుకొర్రలు దొరికాయి. ఒక్క ఉలవ గింజ చాలు, అది పండిన కాలం దాదాపుగా తెలుస్తుంది. ఆ గింజను కడిగి, కాల్చి, వాయువుగా మార్చి, నలుసంత గ్రాఫైట్ చేసి యంత్రంలో పెడతారు. నాలుగు వేల ఏళ్లు బూడిదలో నిలిచిన గింజ అక్కడితో లేకుండా పోతుంది. దాని బదులు కాగితం మీద ఒక అంకె, పక్కన కూడికా తీసివేతల గుర్తు, మరో చిన్న అంకె మిగులుతాయి.