ఎవరి అరాచకం? ఎర్త్‌సీ చీకటి యుగంలో స్త్రీల చరిత్ర

అరాచకం అన్న మాటను విడదీసి చూస్తే రాజు లేకపోవటం అనే అర్థం. వాల్మీకి రామాయణం అయోధ్యకాండలో దశరథుడు చనిపోయాక, రాముడు అడవిలో, భరతుడు మేనమామ ఇంట్లో ఉండగా, అయోధ్యకు రాజు లేకుండాపోతాడు. తెల్లవారగానే మార్కండేయుడు, జాబాలి లాంటి పెద్దలు వసిష్ఠుడి దగ్గర చేరి రాజు లేని దేశం ఎలా ఉంటుందో వరసపెట్టి చెబుతారు. వానలు పడవు. గుప్పెడు విత్తనం చల్లేవాళ్ళుండరు. వర్తకులు దారిన పోలేరు. సాయంత్రం పూట నగలు పెట్టుకున్న ఆడపిల్లలు తోటల్లో ఆడుకోవటానికి వెళ్ళలేరు. కొడుకు తండ్రి మాట వినడు, భార్య భర్త వశంలో ఉండదు.

ఈ జాబితాలో రెండు భయాలు పక్కపక్కనే ఉన్నాయి. ఆడపిల్ల నిర్భయంగా తిరగలేకపోవటం స్త్రీల భయం. భార్య వశంలో ఉండకపోవటం భర్తల భయం. రెండిటికీ పెట్టిన పేరు మాత్రం ఒకటే, అరాచకం. అందుకే ఏ చరిత్రకారుడైనా ఒక కాలాన్ని అరాచకమనో చీకటి యుగమనో అన్నప్పుడు అక్కడ కూలిపోయినది ఏమిటి, అది ఎవరిని కాపాడేది, ఎవరిని కట్టిపడేసేది అని అడగాల్సి ఉంటుంది. ఈ ప్రశ్నను నేను చదివినంతలో చాలా సూటిగా అడిగిన రచన చరిత్ర గ్రంథం కాదు. ఒక ఊహాలోకానికి దాన్ని సృష్టించిన రచయిత్రే ముప్ఫయ్యేళ్ళ తర్వాత తిరిగి రాసుకున్న చరిత్ర.

ఉర్సులా కె. లె గ్విన్ (1929-2018) అమెరికన్ రచయిత్రి. తండ్రి ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ మానవశాస్త్రవేత్త. తల్లి థియొడోరా క్రోబర్, తన జాతిలో ఒక్కడే మిగిలిన ఇషీ అనే ఆదివాసి జీవితాన్ని 1961లో పుస్తకంగా రాసింది. నాశనమైనవాళ్ళ చరిత్ర ఎవరి జ్ఞాపకంలో, ఎవరి మాటల్లో మిగులుతుందన్న ప్రశ్న లె గ్విన్‌కి ఇంట్లోనే పరిచయం. 1968లో ఆమె ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ రాసింది. వందల దీవులున్న సముద్రలోకం ఎర్త్‌సీ. అక్కడ ప్రతిదానికీ ఒక అసలు పేరుంటుంది, ఆ పేరు తెలిసినవాళ్ళకి దాని మీద అధికారం ఉంటుంది. ఆ పేర్ల విద్యను నేర్పే పెద్ద బడి రోక్ అనే దీవిలో ఉంది. గురువులూ శిష్యులూ అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళ మంత్రం బలహీనమైనదని ఒక సామెత, దుర్మార్గమైనదని ఇంకో సామెత ఆ లోకంలో చెల్లుబాటులో ఉంటాయి. కథానాయకుడు గెడ్‌కి మొదటి మంత్రం నేర్పింది అతని తల్లి తోబుట్టువే అయినా, ఆమె కథలో తెలిసీతెలియని పల్లెటూరి మంత్రగత్తెగానే మిగిలిపోతుంది. ఈ ఏర్పాటు ఎప్పుడు మొదలైందని మొదటి మూడు నవలల్లో ఎవరూ అడగరు. అది కొండల్లాగా, సముద్రంలాగా ఎప్పుడూ ఉన్నదే అన్నట్టు ఉంటుంది.

1990లో వచ్చిన ‘తెహాను’ ఈ నిశ్చింతను చెదరగొట్టింది. ఇందులో కేంద్రం మాంత్రికుడు కాదు. నడివయసు విధవ తెనార్, ఆమె చేరదీసిన ఒక చిన్నపిల్ల. సొంతవాళ్ళే ఆ పిల్ల మీద అత్యాచారం చేసి, కొట్టి, నిప్పుల్లోకి తోశారు. శతాబ్దాల తర్వాత సింహాసనం ఎక్కిన మంచి రాజు ఒకపక్క దేశాన్ని చక్కదిద్దుతూనే ఉంటాడు. ఆ పిల్ల కాలిన ముఖాన్ని మాత్రం ఏ రాజ్యమూ ఏ మంత్రమూ బాగుచెయ్యలేవు. దానికి పదకొండేళ్ళ తర్వాత, 2001లో ‘టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ’లో రచయిత్రి ఇంకా వెనక్కి వెళ్ళింది. అందులోని ‘ది ఫైండర్’ అనే పెద్ద కథ మొదటి నవలలకి దాదాపు మూడు వందల ఏళ్ళ ముందు, ఎర్త్‌సీ చీకటి కాలంలో జరుగుతుంది. లేని లోకం చరిత్రను పరిశోధించటమంటే ఆ కథ చెబుతూ ఏం జరిగిందో కనుక్కోవటమేననీ, అసలు లోకపు చరిత్రకారులు చేసేది కూడా ఇంతకంటే మరీ భిన్నమేమీ కాదనీ ముందుమాటలో ఆమె అంటుంది.

పుస్తకం చివర చేర్చిన ఎర్త్‌సీ వర్ణనలో ఈ కాలపు లెక్కలున్నాయి. ఆఖరి రాజు మహారియన్ ఆ లోకపు లెక్కలో 452లో చనిపోయాడు. ఆ తర్వాత సింహాసనం ఖాళీ. దీవులను సముద్రపు దొంగలు, యుద్ధ ప్రభువులు పంచుకున్నారు. బానిసల వ్యాపారం పెరిగింది. మాంత్రికులు జీతానికి కుదిరి ఒకరి ప్రభువు తరఫున ఇంకొకరి ఓడలు ముంచారు. మన పురాణాలు మత్స్యన్యాయం అని పిలిచేది ఇదే, పెద్ద చేప చిన్న చేపను మింగటం. జనం మంత్రమంటేనే అసహ్యించుకున్నారు. ఆ అసహ్యానికి ముందుగా బలైంది జీతాలు తీసుకున్న మాంత్రికులు కాదు. పురుళ్ళు పోసి, జ్వరాలకి మందిచ్చి, పోయిన వస్తువులు వెతికిపెట్టే పల్లెటూరి ఆడవాళ్ళు.

‘ది ఫైండర్’ మొదటి పేజీల్లో కథకంటే ముందు ఆధారాల గురించిన చర్చ ఉంటుంది. చరిత్ర చదువుకున్నవాళ్ళు ఆగి చూడాల్సిన చోటు అది. ఆ కాలం గురించి మిగిలిన గ్రంథం ఒకదానికొకటి పొసగని కథనాల కలగూరగంప. ప్రభువులకి కావలసింది పొగడ్త, చరిత్ర కాదు. అధికారం అంటే ఏమిటో పేదలు నేర్చుకోగల పుస్తకాలను వాళ్ళు తగలబెట్టించారు. మంత్రాల పుస్తకాలను మాత్రం భయంతో దాచారు. ఆ పుస్తకాల అంచుల్లో, చివరి ఖాళీ కాగితాల మీద ఎవరో ఒక కరువునీ, ఒక దోపిడీనీ, యజమాని మారటాన్నీ రాసిపెట్టుకున్నారు. మిగతాది చిన్న దీవుల్లో, కొండ ఊళ్ళలో పాడుకునే పాటల్లో ఉంది. స్త్రీల చరిత్ర కోసం వెతికిన ఎవరికైనా ఈ ఆధారాలు పరిచితమే. మనకీ అవి మార్జిన్లలోనూ, పాటల్లోనూ, ఇంకెవరి గురించో రాస్తూ జారవిడిచిన ఒక వాక్యంలోనూ దొరుకుతాయి.

కథ హావ్నర్ రేవులో ఓడలు కట్టే కుటుంబంలో పుట్టిన కుర్రవాడిది. ఆ రేవుని ఏలే లోసెన్ సముద్రపు దొంగ, తనకు తానే రాజునని ప్రకటించుకున్నాడు. మంత్రం తెలుసన్న నేరానికి కుర్రవాడిని పట్టుకుని పాదరసం గనిలో బానిసగా పెడతారు. అక్కడ ఖనిజాన్ని కాల్చే గోపురంలో పనిచేసే బానిసలు ఆ ఆవిరి పీల్చి కొద్దికాలంలోనే చచ్చిపోతుంటారు. వాళ్ళలో అనీబ్ అనే అమ్మాయి ఒకతె. జుట్టు రాలిపోయి, ఒళ్ళంతా పుళ్ళతో, చావుకి దగ్గరగా ఉంటుంది. ఆమె తన అసలు పేరు అతనికి చెబుతుంది. ఎర్త్‌సీలో అంతకంటే పెద్ద నమ్మకం లేదు. ఇద్దరూ కలిసి గెల్లుక్ అనే క్రూర మాంత్రికుణ్ణి భూమిలో పూడ్చేసి పారిపోతారు. అనీబ్ బతకదు. ఆమె తల్లి ఉన్న పల్లెలో అతనికి తలదాచుకునే చోటు దొరుకుతుంది, ‘చెయ్యి’ అనే రహస్య బృందం గురించి తెలుస్తుంది.

ఈ బృందానికి నాయకుడు లేడు, కోట లేదు. ఊరూరా ఉన్న మంత్రగత్తెలు, మామూలు ఆడవాళ్ళు, వాళ్ళని నమ్మిన కొందరు మగవాళ్ళు దీని సభ్యులు. పిడికిలి బిగించి, తర్వాత అరచేయి విప్పి చూపించటం వాళ్ళ గుర్తు. ఒకరినొకరు కాపాడుకోవటం, విద్యని దాచుకోకుండా పంచుకోవటం, దాన్ని హాని చెయ్యటానికి వాడకపోవటం వాళ్ళ నియమాలు. కుర్రవాడు, అసలు పేరు మెడ్రా, చివరికి రోక్ దీవికి చేరతాడు. దాడిలో చాలామందిని పోగొట్టుకుని మిగిలినవాళ్ళు, ముఖ్యంగా స్త్రీలు, ఆ దీవిని గాలులతో కాపాడుకుంటూ ఉంటారు. ఎలెహల్, యాహన్ అనే ఇద్దరు స్త్రీలు, మెడ్రా, ఇంకా వాళ్ళతో ఉన్నవాళ్ళు కలిసి దాదాపు 650లో ఒక బడి పెడతారు. విద్య మీద ప్రభువుల పెత్తనం పోవాలంటే దాన్ని అందరికీ ఒకేచోట, ఒకే నీతితో నేర్పాలని వాళ్ళ ఆలోచన. 1968 నుంచి పాఠకులు మగవాళ్ళ బడిగానే ఎరిగిన రోక్ ఇదే.

మరి తలుపు ఎప్పుడు మూసుకుంది? వర్ణనలో దానికి తారీకు ఉంది. బడి నిలదొక్కుకుని, దానికి గౌరవం వచ్చాక, 730లో వే దీవికి చెందిన హాల్కెల్ మొదటి ప్రధాన మాంత్రికుడయ్యాడు, స్త్రీలను బడి నుంచి బహిష్కరించాడు. మూడు వందల ఏళ్ళకి పైగా ఒక్క ఆడపిల్ల కూడా అక్కడ చదవలేదు, చదువు చెప్పలేదు. మెడ్రా విద్య పేరు మీద ఉన్న ‘వెతికేవాడు’ అనే గురుస్థానాన్ని కూడా హాల్కెల్ తీసేశాడు. మాంత్రికుడు బ్రహ్మచారిగా ఉండితీరాలన్న నియమం ప్రశ్నకు అందని సత్యంగా స్థిరపడింది. మెడ్రా, ఎలెహల్ ప్రేమించుకుని కలిసి బతికిన జంట అన్న సంగతి గుర్తుంటే ఆ నియమం నిలిచేది కాదు. ఒకే విద్య రెండుగా చీలింది. మగవాళ్ళు చేస్తే శాస్త్రం, ఆడవాళ్ళు చేస్తే మురికి మూఢనమ్మకం. మన భాషలో మాంత్రికుడు అన్నప్పుడు లేని ఏవగింపు మంత్రగత్తె అన్నప్పుడు ఎందుకు వినిపిస్తుందో దీన్ని బట్టి ఆలోచించవచ్చు.

ఇక్కడ కాలక్రమమే వాదన. స్త్రీలు బడి కట్టింది చీకటి యుగం నడిమధ్యలో. వాళ్ళని బయటికి పంపింది చీకటి తొలగుతున్నప్పుడు. దొంగల రాజు లోసెన్ అనీబ్‌ని చంపాడు. ఎలెహల్ పేరుని తుడిచేసింది మాత్రం క్రమశిక్షణ గల పెద్దమనుషులు, తీర్మానం చేసి, మర్యాదగా. అరాచకం స్త్రీల శరీరాలను నలిపింది, వ్యవస్థ వాళ్ళ చరిత్రను మింగింది. లె గ్విన్ ఈ రెండిటిలో దేన్నీ తేలిక చెయ్యదు. చీకటి కాలాన్ని స్వేచ్ఛాయుగంగా అలంకరించాలనే మోజు ఆమెకి లేదు. ఆ గోపురంలోని పాదరసపు ఆవిరి కథ పొడుగునా వెంటాడుతూనే ఉంటుంది.

1977లో జోన్ కెల్లీ అనే అమెరికన్ చరిత్రకారిణి స్త్రీలకు అసలు పునరుజ్జీవనం ఉందా అని అడిగి, పురుషులకు వికాసమైన ఆ కాలమే స్త్రీలకు ఆంక్షలు బిగిసిన కాలమని చూపించింది. యుగాలకి పెట్టిన పేర్లు ఎవరి అనుభవం నుంచి వచ్చాయన్న ప్రశ్న అప్పటి నుంచి స్త్రీవాద చరిత్రలో ఉంది. తెలుగు పాఠకులకి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలు తమ మాటల్లో తమ జీవితాలు చెప్పారు. ప్రభుత్వ దృష్టిలో అది శాంతిభద్రతలు కూలిన కాలం. వాళ్ళకి అది ఆకలి, భయం, పోలీసుల హింస, బిడ్డల్ని వదులుకోవటం, దానితోపాటే అంతకుముందు ఊహించని ఒక జీవితం. 1951లో పోరాటం ఆగాక, తిరిగి ఇంటికి, వంటకి, పెళ్ళికి పొమ్మన్నప్పుడు వాళ్ళు పడ్డ బాధ ఆ పుస్తకమంతటా ఉంది. ఊహాలోకానికీ తెలంగాణకీ పోలిక ఇంతవరకే. తెలంగాణ స్త్రీలను అడగటానికి మనుషులు వెళ్ళారు, వాళ్ళు బతికుండి చెప్పారు. ఎలెహల్‌ని అడగటానికి ఆమెను సృష్టించిన రచయిత్రి తప్ప ఎవరూ లేరు.

ఈ కథతో నాకు పేచీ లేకపోలేదు. స్త్రీలు బడి పెట్టిన చరిత్రను కూడా మనం ఒక మగవాడి ప్రయాణం వెంటే తెలుసుకుంటాం. అనీబ్ చనిపోయి అతనికి దారి చూపిస్తుంది. కథల్లో ఆడవాళ్ళకి ఈ పని కొత్త కాదు. ‘చెయ్యి’ స్త్రీలు మెడ్రా రాకముందు ఏళ్ళ తరబడి ఏం చేశారో ఒక స్త్రీ గొంతుతో విని ఉంటే బాగుండేది. అయినా ఒక రచయిత్రి తన పేరు నిలబెట్టిన పుస్తకాలను దిద్దకుండా, దాచకుండా, వాటిని గెలిచినవాళ్ళు రాసుకున్న పత్రాలుగా తిరిగి చదవటం చిన్న సంగతి కాదు. 1968 నాటి సామెతలు ఇప్పటికీ ఆ పుస్తకంలో అలాగే ఉన్నాయి. అవి ఎవరు పుట్టించారో, ఎందుకు పుట్టించారో మనకిప్పుడు తెలుసు.

హాల్కెల్ బహిష్కారాన్ని తొమ్మిదిమంది గురువుల్లో ఇద్దరే వ్యతిరేకించారు. ఒకరు ద్వారపాలకుడు, రెండోవారు వనంలో ఉండే గురువు. ద్వారం మెడ్రా చివరిదాకా కాచిన చోటు. వనం ఎలెహల్ తిరిగిన చోటు. వాళ్ళ మాట చెల్లలేదు. శతాబ్దాల తర్వాత అదే పుస్తకంలోని చివరి కథలో, హాల్కెల్ పుట్టిన వే దీవి నుంచే ఇరియన్ అనే అమ్మాయి రోక్ బడి తలుపు తడుతుంది. ఆమెను లోపలికి రానిచ్చేది ద్వారపాలకుడు. మిగతావాళ్ళు పొమ్మన్నప్పుడు ఆమెకి చోటిచ్చేది వనం గురువు. పుస్తకాలు, తీర్మానాలు, సామెతలు అన్నీ వ్యతిరేకంగా ఉన్నా, బడి పెట్టినవాళ్ళ జ్ఞాపకం ఒక గడపలోనూ ఒక చెట్ల నీడలోనూ మిగిలింది. స్త్రీల చరిత్రకి ఆధారాలు లేవని చెప్పేవాళ్ళు ముందు ఏ గడపల దగ్గర వెతికారో చెప్పాలి.