పసిపిల్లల మాట - పెద్దల మౌనము: ఒక చారిత్రక పరిశీలన

2019 జూన్ నెలలో హన్మకొండలో, తల్లిదండ్రుల ప్రక్కన నిద్రిస్తున్న తొమ్మిది నెలల పసికందును ఒకడు ఎత్తుకొనిపోయి, చెరచి చంపాడు. వరంగల్ న్యాయస్థానము ఆగస్టు 8న మరణశిక్ష విధించగా, నవంబరులో హైకోర్టు దానిని జీవిత ఖైదుగా మార్చింది. నగరమంతా వీధిలోకి వచ్చి దుఃఖించింది. ఆ బిడ్డకు మాటలు రావు. అయితే మాటలు వచ్చిన పిల్లలు చెప్పినప్పుడు పెద్దలు విన్నారా? ఈ వ్యాసములో మేము పరిశీలింపగోరిన ప్రశ్న ఇదే.

చరిత్ర మనలను సిగ్గుపరుస్తుంది. ఇంటివారి చేతులలోనే చిత్రహింసకు గురైన పిల్లల ఉదంతాలను ఫ్రెంచి వైద్యుడు టార్డ్యూ 1860లో ప్రచురించినా వైద్యలోకము పెడచెవిని పెట్టింది. తన రోగుల మానసిక వ్యాధికి మూలము బాల్యములో జరిగిన లైంగిక హింసయేనని 1896లో ప్రకటించిన ఫ్రాయిడ్, మరుసటి సంవత్సరమే ఆ సిద్ధాంతమును విడిచిపెట్టాడు. 1962లో అమెరికా వైద్యుడు కెంప్, ఆయన సహచరులు దెబ్బలు తిన్న పిల్లల లక్షణాలను వివరించిన తరువాతనే లోకము కళ్లు తెరచింది.

పిల్లలు వెంటనే ఎందుకు చెప్పరు? 1983లో మానసిక వైద్యుడు రోలండ్ సమ్మిట్ దీనికి జవాబు వెదికాడు. రహస్యము, నిస్సహాయత, తప్పించుకొనలేని స్థితి, ఆలస్యముగా చెప్పుట, చెప్పినదానిని వెనుకకు తీసుకొనుట - ఇవి ఆయన చూపిన ఐదు మెట్లు. చివరి మెట్టుపై పండితులలో వివాదమున్నది. ఆలస్యము మాత్రము తరువాతి పరిశోధనలలోనూ రుజువైనది. గనుక ఆలస్యముగా చెప్పిన మాట అబద్ధమనుట తగదు.

మన దేశములో 2007లో కేంద్ర ప్రభుత్వము ప్రచురించిన అధ్యయనము 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను ప్రశ్నించింది. వారిలో 53.22 శాతము ఏదో ఒక రూపములో లైంగిక హింసను ఎదుర్కొన్నామన్నారు. హింసించినవారిలో సుమారు సగము మంది తెలిసినవారే. ఆంధ్రప్రదేశ్ కూడ హింస ఎక్కువగా కనబడిన రాష్ట్రాలలో ఒకటి.

దాని ఫలితాలు గాయము మానినా మానవు. నిద్రలో ఉలికిపాటు, పక్క తడుపుట, చదువులో వెనుకబాటు, తప్పు తనదేనన్న భావము చిన్ననాడే కనబడవచ్చును. బాల్యములోని కష్టాలు పెరిగేకొలది పెద్దయ్యాక కృంగుబాటు, మద్యపానము, ఆత్మహత్యాయత్నము పెరుగుతాయని 1998లో ఫెలిట్టి, ఆండాల అధ్యయనము చూపింది. అయినను ఇది తప్పని తలరాత కాదు. నమ్మి వినే ఒక్క పెద్ద దొరికితే గాయపడిన బిడ్డ కోలుకొనుటకు అది గొప్ప ఆసరా.

2 సమూయేలు 13వ అధ్యాయములో తామారుకు అట్టి పెద్ద దొరకలేదు. అన్న ఊరకుండమన్నాడు, తండ్రి కోపించి ఏమియు చేయలేదు. ఆమె పాడైన బ్రదుకుతో మిగిలిపోయింది. ఆ ఇంటిలో రెండేండ్ల తరువాత రక్తము చిందింది. మేమును "సంఘము పరువు" అని, "కుటుంబములోనే సర్దుకొనండి" అని పలికిన సందర్భాలు ఉన్నవి. ఆ సలహా దోషికి రక్ష, బిడ్డకు శిక్ష.

2012 నవంబరు 14న అమలులోనికి వచ్చిన పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము, నేరము జరిగిందని తెలిసిన ప్రతివాడు పోలీసులకు తెలియజేయవలెను. తెలిసియు దాచినవానికి ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చును. కాపరికి ఇందులో మినహాయింపు లేదు. కాబట్టి బిడ్డ చెప్పినప్పుడు మనము నమ్మవలెను, పదేపదే ప్రశ్నించరాదు, దోషితో రాజీ కుదర్చరాదు, 1098కి గాని పోలీసులకు గాని తెలియజేయవలెను. బిడ్డ మొదట మన గడపకే రావచ్చును. ఆ దినమున మనము ఏమి చేయుదుమో ఈ దినముననే నిశ్చయించుకొందము.