స్టెన్సిల్ గెలిపించిన ఆట: ఐరోపా పేక తొలి శతాబ్దం

ఐరోపాలో పేక చరిత్ర చాలావరకు నిషేధాజ్ఞల్లోనే దొరుకుతుంది. 1377 మార్చిలో ఫ్లోరెన్స్ నగర పాలకులు ‘నయిబ్బె’ అనే ఆట కొత్తగా ఊళ్లోకి వచ్చిందంటూ దాన్ని కట్టడి చేశారు. అదే ఏడాది పారిస్‌లో పనిరోజుల్లో పేకాడకూడదని ఉత్తర్వు వెలువడింది. ఫ్రైబుర్గ్‌లో జొహన్నెస్ అనే డొమినికన్ సన్యాసి మాత్రం ఆ పేకను శ్రద్ధగా పరిశీలించి లాటిన్‌లో వర్ణించాడు. నాలుగు గుర్తులు, గుర్తుకు 13 చొప్పున మొత్తం 52 ముక్కలు. ప్రతి గుర్తుకూ సింహాసనం మీద ఒక రాజు, ఆయన కింద ఇద్దరు సేనానులు. ఈనాటి పేక చట్రం అప్పటికే సిద్ధంగా ఉందన్నమాట.

ఆ చట్రం ఈజిప్టు నుంచి వచ్చింది. కాగితపు ముక్కలతో ఆడడం చైనాలో ఇంకా ముందే ఉంది. కానీ ఐరోపా పేకకు దగ్గరి పూర్వరూపం ఈజిప్టును ఏలిన మమ్లూకు సుల్తానుల రాజ్యానిది. ఆ రకం పేక ఒకటి ఇస్తాంబుల్‌లోని టోప్‌కపి ప్రాసాదంలో ఉంది. కాలం కాస్త తర్వాతిదే అయినా సంప్రదాయం పాతది. మిగిలిన 47 ముక్కలు ఒక్కొక్కటి దాదాపు 25 సెంటీమీటర్ల పొడవున, బంగారు పూతతో, నీలి లతలతో మెరుస్తుంటాయి. వాటిమీద గిన్నెలు, నాణేలు, కత్తులు, పోలో కర్రలు ఉన్నాయి. మనుషుల బొమ్మలు లేవు. మాలిక్ (రాజు), నాయబ్ (ఉపపాలకుడు), రెండో నాయబ్ అన్న హోదాలను అక్షరాల్లోనే రాశారు. ఫ్లోరెన్స్ ఉత్తర్వులోని పేరు ఆ నాయబు నుంచి వచ్చిందే. పోలో ఎరగని ఇటలీ, స్పెయిన్ వాళ్ల చేతుల్లో ఆ కర్ర కాస్తా దుడ్డుకర్ర అయింది. అక్షరాలున్న చోట కిరీటాలు పెట్టుకున్న రాజులొచ్చారు.

ప్రభువుల పేక చిత్రకారుల చేతి పని. 1392లో ఫ్రాన్సు రాజు ఆరో చార్లెస్ కోసం బంగారంతో, రంగులతో మూడు పేకలు వేసినందుకు జాక్‌మాఁ గ్రంగొన్నర్‌కు సొమ్ము చెల్లించినట్టు ఖజానా లెక్కల్లో ఉంది. 1440 ప్రాంతంలో ఉత్తర ఇటలీ ఆస్థానాల్లో అదనపు బొమ్మలు చేర్చిన టారో పేక పుట్టింది. అదీ ఆడుకోవడానికి చేసిందే. దానితో జోస్యం చెప్పడం 18వ శతాబ్దపు వాడుక.

సామాన్యుడికి పేకను అందించినవి కాగితం, చెక్క అచ్చు. 1390లో ఊల్మన్ ష్ట్రోమర్ న్యూరెంబర్గ్ దగ్గర కాగితపు మిల్లు పెట్టాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో న్యూరెంబర్గ్, ఉల్మ్, ఆగ్స్‌బర్గ్ పేక తయారీ కేంద్రాలయ్యాయి. పనివాళ్లు చెక్కమీద బొమ్మలు చెక్కి, సిరా పూసి, కాగితంమీద అచ్చు తీసేవారు. రంగులద్ది, కాగితాలను పొరలుగా అతికించి, ముక్కలుగా కోసేవారు. గూటెన్‌బర్గ్ బైబిలు రాకముందే బజారులో అచ్చు పేక అమ్ముడవుతోంది. సియెనాకు చెందిన సన్యాసి బెర్నార్డినో 1423లో బొలోన్యాలో పేకకు వ్యతిరేకంగా ప్రవచనాలు చెప్పాడు. ఆయన మాట విన్నవాళ్లు పేకలను మంటల్లో వేశారు. అయినా గిరాకీ తగ్గలేదు. 1441లో వెనిస్ తన పనివాళ్లను కాపాడుకోవడానికి బయటి నుంచి అచ్చు పేక రాకుండా అడ్డుకుంది.

గుర్తులు మాత్రం ఊరికో రకం. జర్మన్లు హృదయం, గంట, ఓక్ కాయ, ఆకు ఎంచుకున్నారు. స్విట్జర్లాండ్‌లో గులాబీ, డాలు వచ్చి చేరాయి. వీటన్నిటినీ దాటి ప్రపంచమంతా పాకినవి 1480 ప్రాంతంలో ఫ్రాన్సులో స్థిరపడ్డ నాలుగు గుర్తులు. మన ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు అవే.

వాటి బలం తయారీలో ఉంది. కత్తి, గిన్నె వంటి బొమ్మలకు ప్రతి ముక్కకూ చెక్క చెక్కాలి. ఫ్రెంచి గుర్తులు వివరాల్లేని నిండు ఆకారాలు, ఒక్కోదానికి ఒకే రంగు. రేకులో ఆకారం కత్తిరించి, ఆ స్టెన్సిల్‌ను కాగితంమీద పెట్టి ఎరుపో నలుపో కుంచెతో అద్దితే చాలు. అంకెల ముక్కలు 40కి చెక్క అచ్చే అక్కర్లేదు. రాజు, రాణి, జాకీలకే ఆ ఖర్చు. దాంతో పేక చౌకైంది, ఎగుమతి పెరిగింది. రువాన్ పట్టణపు పేక ఇంగ్లండుకు చేరింది. ఆ నమూనా మీదే ఇంగ్లీషు పేక రూపుదిద్దుకుని, వర్తకంతో, వలసపాలనతో ఖండాలు దాటింది.

నాసిరకం కాగితపు పేక ఎక్కువకాలం నిలవదు. అప్పటి చవక ముక్కలు మనదాకా చాలావరకు పాత పుస్తకాల అట్టల్లోంచి వచ్చాయి. బైండింగు పనివాళ్లు చెల్లని పేక కాగితాలను అట్ట గట్టిపడడానికి లోపల అతికించేవారు. ఆస్థానాల బంగారు ముక్కలను మ్యూజియాలు పదిలంగా దాచాయి. అవి అందమైనవే, కానీ ఈనాటి పేకకు రూపమిచ్చింది అవి కావు. తక్కువ ఖర్చులో ఎక్కువ ముక్కలు తీయాలని చూసిన, పేరు తెలియని స్టెన్సిల్ పనివాళ్లది ఆ ఘనత. పేక చరిత్రలో మొదట చెప్పుకోవాల్సింది వాళ్ల గురించే.