వెదురు విల్లు: చిన్నచూపుకు గురైన ఆయుధం

1851లో మద్రాసులో ఏర్పడి తరువాత ఎగ్మూరుకు తరలిన ప్రభుత్వ సంగ్రహాలయానికి 1885 నుంచి 1908 వరకు అధిపతిగా ఉన్న ఎడ్గార్ థర్‌స్టన్, 1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో నల్లమల చెంచులను కూడా వర్ణించాడు. ఈ చెంచుల విల్లు వెదురుది. కొమ్ము, నరాలు, జిగురు కలిపి అతికే మిశ్రమ ధనుస్సు రాజాస్థానాల్లో వెలిగిన కాలంలో వెదురు విల్లు అడవివాళ్ల సాధనంగానే మిగిలింది. అయితే కౌటిల్యుని అర్థశాస్త్రం తాటి, వెదురు, దారువు, కొమ్ము అనే నాలుగింటినీ విల్లుకు పనికొచ్చే పదార్థాలుగా ఒకే వరుసలో పేర్కొన్నదని మరువరాదు.

ఇంగ్లండులోనూ ఇలాంటి తారతమ్యమే ఉండేది. విండ్లకు పేరుపడ్డ యూ చెట్టు అక్కడ పెరిగినా, ముడులు ఎక్కువైన స్థానిక కలపను తక్కువగా ఎంచి, స్పెయిన్, ఇటలీ కొండల కలపను కోరేవారు. 1472 నాటి శాసనం వర్తకుల ఓడలు ప్రతి టన్ను సరుకుకు నాలుగు విల్లుకర్రలు తేవాలని నిర్బంధించింది. యూ కలపలో సాగుడును ఓర్చే బయటి తెల్లచేవ, ఒత్తిడిని ఓర్చే లోపలి ఎర్రచేవ సహజంగానే జతపడి ఉంటాయి. అలాగే, వృక్షశాస్త్రం గడ్డిజాతిగా లెక్కించే వెదురులో నారలు బయటి చర్మం దగ్గర దట్టంగా ఉంటాయి గనుక, ఆ ముఖాన్ని లక్ష్యంవైపు ఉంచితే బద్ద వంగినా చీలదు. పైగా మద్రాసు తీరపు తేమకు మిశ్రమ ధనుస్సు జిగురు మెత్తబడే ప్రమాదముండగా, ఒకే బద్దతో చేసిన విల్లుకు ఆ బెడద లేదు.